స్టోన్ మౌంటెన్ ఎక్కే బ్లాక్ అక్కల గుంపు నన్ను రమ్మంది, మనవాళ్లని కూడా తీసుకెళ్లొచ్చా?

తెల్లవారుజాము (కమ్మింగ్, జార్జియా) | శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి, చివర్లో రెండు ప్రశ్నలున్నాయి.

నేను ఆస్పత్రి ఫార్మసీలో పనిచేస్తాను. మా ఫ్లోర్‌లో ఒక సీనియర్ నర్స్ ఉన్నారు, బ్లాక్ మహిళ, 58 ఏళ్లు, అందరం మిస్ డి అని పిలుస్తాం. జనవరిలో నా షుగర్ బోర్డర్ దాటిందని రిపోర్ట్ వచ్చిన రోజు బ్రేక్ రూమ్‌లో ఒక్కదాన్నే కూర్చుని ఏడుస్తుంటే ఆవిడ వచ్చి పక్కన కూర్చున్నారు. ఏమైందని కూడా అడగలేదు. "శనివారం పొద్దున ఆరున్నరకి ఖాళీయేనా బేబీ?" అన్నారు, అంతే. అలా మొదటిసారి అట్లాంటా దగ్గరున్న స్టోన్ మౌంటెన్ కొండకి వెళ్లాను, ఇప్పటికి పదకొండు శనివారాలైంది.

మాది భువనగిరి. అందుకేనేమో ఆ కొండని చూడగానే కాళ్లు ఆగిపోయాయి. చెట్టూ చేమా లేని ఒకే ఒక్క రాయి, అచ్చం మా ఖిల్లా గుట్టలాగే. పైకి వెళ్లే దారి ఒక మైలు. మొదట్లో హాయిగా ఉంటుంది, చివర్లో నిట్టనిలువుగా ఉంటుంది, అక్కడ పట్టుకోవడానికి ఇనుప కడ్డీలు పెట్టారు. పైన రాతి గుంటల్లో వాననీళ్లు నిలుస్తాయి, ఆ గుంటల పక్కన గుప్పెడు మట్టి ఉంటే చాలు, ఆవగింజలంత ఆకులతో ఎర్రటి మొక్కలు తివాచీ పరిచినట్టు పుట్టుకొస్తాయి, ఈ వారమే వాటికి తెల్లటి పూలు వచ్చాయి. మిస్ డి మోకాళ్ల మీద కూర్చుని, "వీటి మీద అడుగు వెయ్యొద్దు, ఇంత పలచటి మట్టిలో బతకడానికి ఎంత కష్టపడ్డాయో" అని ఒక్కో కొత్తమ్మాయికీ చూపిస్తారు.

గుంపులో పదిహేను ఇరవై మంది ఉంటారు, ముప్పై ఏళ్ల వాళ్ల నుంచి డెబ్బై దాటిన వాళ్ల వరకు, అందరూ బ్లాక్ మహిళలే. ఎక్కే ముందు పార్కింగ్‌లో గుండ్రంగా నిలబడి చేతులు పట్టుకుంటారు, ఇవాళ ఎవరి కోసం నడుస్తున్నామో ఒక్కొక్కరూ ఒక్క మాట చెప్తారు. "మా అమ్మ కోసం, డయాలసిస్‌లో ఉంది." "నా కోసం, ఈ వారం ఎవరూ నన్ను ఎలా ఉన్నావని అడగలేదు." అందరికంటే నెమ్మదిగా నడిచే ఆవిడ ముందు నడుస్తుంది, వెనకున్నవాళ్లు ఎవరూ ఆవిణ్ణి దాటరు. నలభై నాలుగేళ్లలో ఇలాంటి నడక నేను చూడలేదు. నాకు ఎప్పుడూ వెనకబడిపోవడమే అలవాటు.

ఇప్పుడు ప్రశ్నలు. ఒకటి, మా కమ్మింగ్ తెలుగు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టాను, ఇరవై రెండు మంది మేమూ వస్తాం అంటున్నారు. తీసుకెళ్లొచ్చా? ఎందుకో మనసు ఒప్పట్లేదు, కారణం సరిగ్గా చెప్పలేకపోతున్నాను. రెండు, మా ఇంటికి పది నిమిషాల్లో సానీ మౌంటెన్ ఉంది కదా, ఒకసారి ఇటు రండి, టిఫిన్ మా ఇంట్లో చేద్దాం అని మిస్ డి ని పిలిచాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. "నేను ఫోర్సైత్ కౌంటీకి రాను బేబీ" అన్నారు, మా కమ్మింగ్ ఉన్నది ఆ కౌంటీలోనే. ఎందుకో అడిగే ధైర్యం చాలలేదు. ఎవరికైనా తెలుసా?

---

గోదారిగట్టు (డల్లాస్) | శనివారం రాత్రి 10:15

చాలా బాగా రాశారండీ. తప్పుగా అనుకోకండి, నిజంగా తెలుసుకుందామనే అడుగుతున్నాను. కొండ అందరిదీ, పార్కింగ్ ఫీజు అందరికీ ఒకటే, ఎవరూ ఎవర్నీ ఆపట్లేదు. మరి రంగు పేరుతో వేరే గుంపు ఎందుకు? అందరూ కలిసి నడిస్తేనే కదా దూరాలు తగ్గేది. మా ఆఫీసులో కూడా ఒక బ్లాక్ కొలీగ్ ఇలాంటి గ్రూపుతో క్యాంపింగ్‌కి వెళ్తుంది, అప్పుడూ ఇదే అనిపించింది కానీ అడగలేకపోయాను.

---

పాలపిట్ట (ఆష్‌బర్న్, వర్జీనియా) | శనివారం రాత్రి 11:02

గోదారిగట్టు గారూ, "ఎవరూ ఆపట్లేదు" అన్నది మన కాలం మాట. నేను పక్షుల కోసం షెనండోవా నేషనల్ పార్క్‌కి ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్తాను, మనవాళ్లలో చాలామంది అక్టోబర్‌లో ఆకుల రంగులు చూడ్డానికి వెళ్లేదే. ఆ పార్క్‌లో లూయిస్ మౌంటెన్ అని ఒక క్యాంప్‌గ్రౌండ్ ఉంది. 1939లో దాన్ని తెరిచినప్పుడు అది నల్లవాళ్లకి మాత్రమే అని కేటాయించిన చోటు, మిగతా చోట్ల వాళ్లకి టెంట్ వేసుకోవడానికి లేదు. ఊళ్లో పంచాయితీ చేసిన ఏర్పాటు కాదిది, కేంద్ర ప్రభుత్వం నడిపే పార్క్‌లో. 1950 వచ్చేదాకా ఆ విభజన పూర్తిగా పోలేదు.

పార్క్ దాకా చేరడం ఇంకో కష్టం. 1936 నుంచి మూడు దశాబ్దాల పాటు గ్రీన్ బుక్ అని ఒక పుస్తకం వచ్చేది, న్యూయార్క్ హార్లెంలో ఉండే విక్టర్ హ్యూగో గ్రీన్ అనే పోస్ట్‌మన్ వేసేవాడు, ఏ ఊళ్లో ఏ ఇంట్లో బ్లాక్ కుటుంబం రాత్రికి తలదాచుకోవచ్చో అందులో ఉండేది. హోటల్లో తిండి పెట్టరు కాబట్టి వేయించిన కోడి, ఉడికించిన గుడ్లు చెప్పుల డబ్బాలో సర్దుకుని బయల్దేరేవాళ్లు. మనమూ రైలెక్కేటప్పుడు పులిహోర కట్టుకుంటాం, కానీ దారిలో ఎవరైనా గెంటేస్తారని కాదు కదా.

ఈ జ్ఞాపకాలున్న అమ్మమ్మలు ఇంకా బతికే ఉన్నారు. "అడవిలోకి వెళ్లకు, పొద్దుగూకేలోపు ఇంటికి రా" అని మనవరాళ్లకి చెప్పి పెంచింది వాళ్లే. ఆ మాట దాటుకుని ట్రెయిల్ మీద కాలు పెట్టాలంటే పక్కన నలుగురు తనవాళ్లు ఉండాలి అనిపించడం చాలా సహజం.

---

చింతచిగురు (ఫ్రిస్కో) | ఆదివారం ఉదయం 7:20

నాకైతే గోదారిగట్టు అన్నయ్య ప్రశ్నే వింతగా ఉంది, కోపంగా అనట్లేదు. ప్రతి ఏడాది దసరా ముందు మనం పార్క్ బుక్ చేసుకుని బతుకమ్మ ఆడుకుంటాం, ఉగాదికి స్కూల్ ఆడిటోరియం తీసుకుంటాం, తెలుగు సంఘాలు ఒకటి కాదు పది ఉన్నాయి. తెలుగువాళ్లకే ఎందుకు, అందరితో కలిసి ఆడుకోవచ్చుగా అని ఎవరైనా అడిగితే మనకి ఎలా ఉంటుంది?

ఇంకో మాట కూడా అనేస్తాను. మన ఇళ్లల్లో వీళ్ల గురించి వాడే మాటలు మనందరికీ తెలుసు. ఇల్లు కొనేటప్పుడు "ఆ ఏరియాలో వాళ్లెక్కువ, వద్దు" అనే మాట మా ఇంట్లోనే విన్నాను, నేను కూడా నోరు మూసుకుని తలూపాను. ఈ పోస్టు చదివాక రాత్రంతా అదే గుర్తొచ్చింది. తెల్లవారుజాము అక్కా, ఇరవై రెండు మందిని తీసుకెళ్లే ముందు ఆ ఇరవై రెండు మంది నోట్లో ఏ మాటలున్నాయో నీకు తెలుసా? నీ మనసు ఒప్పుకోనిది అందుకేనేమో చూసుకో.

---

కమ్మింగ్_నాన్న (కమ్మింగ్, జార్జియా) | ఆదివారం ఉదయం 8:45

రెండో ప్రశ్నకి నేను చెప్తాను, ఎందుకంటే ఇక్కడ ఇల్లు కొన్న నాలుగేళ్లకి గానీ నాకు ఈ విషయం తెలియలేదు, తెలిసినప్పుడు రెండు రోజులు అన్నం సహించలేదు.

1912లో ఫోర్సైత్ కౌంటీలో సుమారు 1,100 మంది బ్లాక్ జనం ఉండేవాళ్లు. సొంత పొలాలు, చర్చిలు ఉన్నవాళ్లు. ఆ సెప్టెంబర్‌లో ఒక తెల్లమ్మాయి హత్య కేసు వచ్చింది. రాబ్ ఎడ్వర్డ్స్ అనే అతన్ని జైల్లోంచి లాక్కొచ్చి కమ్మింగ్ నడిబొడ్డున చంపి వేలాడదీశారు. ఇద్దరు కుర్రాళ్లకి నామమాత్రపు విచారణ చేసి ఉరేశారు, ఒకడికి పదహారేళ్లు, ఇంకొకడికి పద్దెనిమిది. ఆ రోజుల్లోనే రాత్రిళ్లు గుర్రాల మీద వచ్చి ఇళ్లు, చర్చిలు తగలబెట్టి దాదాపు అందర్నీ వెళ్లగొట్టారు. కొన్ని వారాల్లో కౌంటీ ఖాళీ. చాలామంది పక్కనే ఉన్న హాల్ కౌంటీకి, అట్లాంటాకి పారిపోయారు. పొలాలు చాలావరకు తెల్లవాళ్ల చేతుల్లోకి వెళ్లిపోయాయి.

అదేదో పాత సంగతి అనుకోవద్దు. 1987 జనవరి 17న కొందరు శాంతి ర్యాలీ తీస్తే రాళ్లు, సీసాలు విసిరి తరిమారు. వారం తర్వాత నేషనల్ గార్డ్ కాపలాతో సుమారు 20,000 మంది వచ్చి నడిచారు. అప్పుడు మనలో చాలామంది ఇండియాలో స్కూల్లో ఉన్నాం.

వీకెండ్ బోటు వేసుకుని తిరిగే లేక్ లానియర్ ఉంది కదా, అది 1950ల్లో బ్యూఫోర్డ్ డ్యామ్ కట్టి నింపిన నీళ్లు. 1912లో బ్లాక్ జనాన్ని వెళ్లగొట్టిన ఆస్కర్‌విల్ ప్రాంతంలో కొంత ఆ నీళ్ల కిందే ఉంది. అట్లాంటా బ్లాక్ కుటుంబాల్లో చాలామంది ఆ సరస్సులో కాలు పెట్టరు. మనం పిల్లల్ని మంచి స్కూళ్లని ఇక్కడికి తెచ్చుకున్నాం, అది తప్పని అనను. కానీ మిస్ డి నవ్వు ఎందుకు ఆగిపోయిందో మనకి తెలిసుండాలి.

---

తెల్లవారుజాము | ఆదివారం ఉదయం 9:30

చదివాను. ఇప్పుడు మాట రావట్లేదు, సాయంత్రం రాస్తాను. నేను ఆవిణ్ణి సానీ మౌంటెన్‌కి పెసరట్టు తిందాం రండి అని పిలిచాను...

---

నర్సమ్మ_హ్యూస్టన్ | ఆదివారం మధ్యాహ్నం 1:10

చెల్లీ, తెలియక పిలిచావు, ప్రేమతో పిలిచావు, దానికి కుమిలిపోకు.

నేను ఇరవై ఆరేళ్లుగా కార్డియాలజీ వార్డులో చేస్తున్నాను కాబట్టి ఆరోగ్యం సంగతి చెప్తాను. ఈ దేశంలో ఇరవై దాటిన బ్లాక్ ఆడవాళ్లలో సగానికి పైగా బీపీ ఉన్నవాళ్లే. ఉప్పు ఎక్కువ తింటారని, లావుగా ఉంటారని సులువుగా అనేస్తారు. ఆర్లీన్ జెరోనిమస్ అనే పరిశోధకురాలు 1992లోనే ఇంకో మాట చెప్పింది. ఎండకీ వానకీ గోడ పెచ్చులూడినట్టు, రోజూ అవమానాన్నీ భయాన్నీ తట్టుకుంటూ ఉండే ఒళ్లు వయసు కంటే ముందే అరిగిపోతుందని. చదువుకున్న, జీతం బాగా ఉన్న బ్లాక్ మహిళల్లో కూడా కాన్పు కష్టాలు ఎక్కువగా ఉండడం నేను కళ్లారా చూశాను. డబ్బు అన్నిటికీ అడ్డం పడలేదు.

దానికి తోడు "నువ్వు గట్టిదానివి" అనే బరువు ఒకటి. నా పేషెంట్ ఒకావిడ, అరవై ఏళ్లు, ఛాతీ నొప్పితో వచ్చి కూడా తన చెల్లెలి పిల్లలకి ఫోన్‌లో హోంవర్క్ చెప్తోంది. పడుకోమ్మా అంటే "నేను పడుకుంటే ఎవరు చూస్తారు" అంది. ఈ మాట మా అమ్మ నోట కూడా విన్నాను.

అందుకే గర్ల్‌ట్రెక్ వాళ్లంటే నాకు గౌరవం. టి. మోర్గన్ డిక్సన్, వెనెస్సా గారిసన్ అనే ఇద్దరు స్నేహితురాళ్లు 2010లో మొదలుపెట్టారు. రోజుకి ముప్పై నిమిషాలు నడవండి, ఒక్కళ్లయినా సరే, పక్కింటావిడతోనైనా సరే, అంతే. జిమ్ లేదు, ఫీజు లేదు. 2020 నాటికి పది లక్షల మందికి పైగా బ్లాక్ మహిళలు చేరారు. వాళ్లు నడకని బరువు తగ్గే పనిగా చెప్పరు. అలబామా రాష్ట్రం మోంట్‌గామరీలో, బస్సుల్లో రంగు వివక్షకి నిరసనగా 1955-56లో బస్సులెక్కకుండా 381 రోజులు నడిచిన అమ్మమ్మల నడకకి కొనసాగింపుగా చెప్తారు. ఆ రోజుల్లో మదర్ పోలార్డ్ అనే ముసలావిణ్ణి అలిసిపోలేదా అని అడిగితే, కాళ్లు అలిసిపోయాయి గానీ ఆత్మకి విశ్రాంతి దొరికిందని చెప్పింది. మా వార్డులో డిశ్చార్జ్ కాగితాల మీద "రోజూ నడవండి" అని రాసిస్తాం, ఎవరితో, ఎక్కడ, ఎవరు తోడు అని రాయం. వీళ్లు రాసింది అదే.

---

గోదారిగట్టు | ఆదివారం మధ్యాహ్నం 3:35

అందరివీ చదివాను. నా ప్రశ్న వెనక్కి తీసుకోను, అడిగాను కాబట్టే ఇవన్నీ తెలిశాయి, కానీ "ఎవరూ ఆపట్లేదు" అన్న మాట మాత్రం వెనక్కి తీసుకుంటున్నాను. ఫోర్సైత్ సంగతి మా తమ్ముడికి పంపాను, వాడు అక్కడే ఉంటాడు. చింతచిగురు చెల్లెమ్మా, బతుకమ్మ మాట సూటిగా తగిలింది.

---

రెండోతరం (షార్లెట్) | ఆదివారం సాయంత్రం 5:50

నేను ఇక్కడే పుట్టాను, వయసు 24, అమ్మ ఈ లింక్ పంపింది.

కాలేజీలో నా రూమ్మేట్ బ్లాక్ అమ్మాయి, నాకు అక్కలాంటిది. ఇద్దరికీ ఈత రాదు. నాకు రాకపోవడానికి కారణం అమ్మకి భయం. తనకి రాకపోవడానికి కారణం వాళ్ల నాయనమ్మ మోంట్‌గామరీలో పెరగడం. అక్కడ పార్కుల్లోకి అందర్నీ రానివ్వాలని కోర్టులో కేసు పడగానే, 1959 జనవరి 1 నుంచి ఊరు మొత్తం పార్కులన్నీ మూసేశారు, ఓక్ పార్క్ పూల్‌ని పూడ్చేశారు, జూలో జంతువుల్ని అమ్మేశారు. వాళ్లతో కలిసి ఈదడం కంటే ఎవరికీ నీళ్లు లేకపోవడమే నయమనుకున్నారు. నాయనమ్మకి రాదు కాబట్టి అమ్మకి రాలేదు, అమ్మకి రాదు కాబట్టి కూతుర్ని నీళ్ల దగ్గరికి పోనివ్వలేదు. 10 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో, స్విమ్మింగ్ పూల్స్‌లో మునిగి చనిపోయే బ్లాక్ పిల్లల రేటు తెల్లపిల్లల కంటే 7.6 రెట్లు అని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్తోంది. ఆ పూడ్చేసిన పూల్ ఇప్పటికీ మనుషుల్ని ముంచుతోంది.

ఇద్దరం కలిసి నేర్చుకుందామని చేరాం. అప్పుడు తెలిసింది జుట్టు ఎంత పెద్ద విషయమో. తను సన్నజడలు అల్లించుకోవడానికి ఆరు గంటలు కూర్చుంటుంది, మామూలు స్విమ్మింగ్ క్యాప్ అందులో సగం జుట్టుకి కూడా సరిపోదు. క్లోరిన్ తగిలితే జుట్టు ఎండుగడ్డిలా అయిపోతుంది. క్లాసులో ఒకమ్మాయి "ఊరికే లాగి పెట్టుకో" అంటే తను బాత్రూమ్‌లోకి వెళ్లి అరగంట రాలేదు. ఇలాంటి జుట్టు కోసమే చేసిన సోల్ క్యాప్‌ని 2021 టోక్యో ఒలింపిక్స్‌కి ముందు అంతర్జాతీయ ఈత సమాఖ్య వద్దంది, మళ్లీ 2022లో ఒప్పుకుంది. తర్వాత తను బ్లాక్ మహిళలే నేర్పే క్లాసుకి మారింది. నన్ను రమ్మనలేదు. నాకు ఒక పూట బాధేసింది. కానీ ఎనిమిది వారాల తర్వాత తను వెల్లకిలా నీళ్ల మీద తేలుతున్న వీడియో పంపింది, కళ్లు మూసుకుని, చేతులు చాపి. మా క్లాసులో తను ఒక్కసారి కూడా కళ్లు మూసుకోలేదు. గోదారిగట్టు అంకుల్ ప్రశ్నకి నా జవాబు ఆ వీడియోనే.

---

వేపచెట్టునీడ (హైదరాబాద్) | సోమవారం ఉదయం 6:05 (మా టైమ్)

నేను గురుకుల పాఠశాలలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైర్ అయ్యాను. అమెరికా చూడలేదు. కానీ భువనగిరి గుట్ట పేరు చూసి ఆగలేకపోయాను.

అమ్మా తెల్లవారుజామూ, ఆ మీ గుట్ట మీదే కదా మాలావత్ పూర్ణ రాయి ఎక్కడం నేర్చుకుంది. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, లంబాడీ కుటుంబం, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి వయసు 13 ఏళ్ల 11 నెలలు, ప్రపంచంలో అంత చిన్న వయసులో ఎక్కిన ఆడపిల్ల లేదు. ఆ వార్త వచ్చిన రోజు మా హాస్టల్ పిల్లలు అన్నం పళ్లేలు వాయించుకుంటూ ఊరేగారు. అప్పటిదాకా కొండలెక్కడం, టెంట్లు, తాళ్లు ఇవన్నీ డబ్బున్నవాళ్ల పిల్లల సరదాలు అనుకునేవాళ్లం. మా ఊళ్లో కూడా బావి అందరిదీ కాదు, చెరువు గట్టు అందరిదీ కాదు, ఏ వాడ వాళ్లు ఏ రేవులో దిగాలో రాసి పెట్టినట్టు ఉండేది. నేను ఏ రేవు పిల్లనో చెప్పనక్కర్లేదు. కాబట్టి తమ కొండని తమవాళ్లతో ఎక్కే ఆ తల్లుల్ని నేను ఇక్కడి నుంచే అర్థం చేసుకోగలను.

పూర్ణ ఒక్కతే వెళ్లలేదు, తోటి గురుకులం పిల్లాడు ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. తోడు అనేది ఎంత ముఖ్యమో చూడండి.

---

పాలపిట్ట | సోమవారం ఉదయం 8:30

టీచర్ గారూ, మీ పోస్టు మా అమ్మాయికి చదివి వినిపించాను. ఎవరెస్ట్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, అక్కడికి చేరిన మొదటి ఆఫ్రికన్ అమెరికన్ మహిళ సోఫియా డానెన్‌బర్గ్, 2006లో.

భయం గురించి కూడా రాయాలి. 2020 ఫిబ్రవరిలో ఇదే జార్జియాలో అహ్మద్ ఆర్బరీ అనే బ్లాక్ యువకుడు పరుగుకి వెళ్లి కాల్పుల్లో చనిపోయాడు. అదే ఏడాది మే 25న న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో పక్షులు చూసుకుంటున్న క్రిస్టియన్ కూపర్ అనే బ్లాక్ ఆయన కుక్కకి గొలుసు కట్టమన్నందుకు ఒక తెల్లావిడ పోలీసుల్ని పిలిచింది. ఆ వారంలోనే బ్లాక్ బర్డర్స్ వీక్, అంటే పక్షులు చూసే బ్లాక్ వాళ్ల వారోత్సవం, మొదలైంది, అందులో ముందున్న కొరీనా న్యూసమ్ జార్జియాలో పక్షుల మీద పరిశోధన చేసిన అమ్మాయి. నేను తెల్లవారుజామున బైనాక్యులర్ మెడలో వేసుకుని కాలనీ వెనకాల తిరుగుతుంటే అందరూ గుడ్ మార్నింగ్ అంటారు. అదే పని చేసే బ్లాక్ అమ్మాయి యూనివర్సిటీ ఐడీ కార్డు బయటికి కనపడేలా వేసుకుంటుంది. ఇది మా బర్డింగ్ క్లబ్‌లోనే చూశాను.

వీలైతే మేరీలాండ్‌లో హ్యారియెట్ టబ్‌మన్ పార్క్‌కి వెళ్లండి, చర్చ్ క్రీక్ దగ్గర, 2017లో విజిటర్ సెంటర్ తెరిచారు. చుట్టూ చిత్తడి నేల, రెల్లు, పైన్ చెట్లు. నాన్నతో కలిసి కలప పనిచేస్తూ ఆవిడ ఆ అడవిని నేర్చుకుంది. 1849లో బానిసత్వం నుంచి పారిపోయి, మళ్లీ మళ్లీ వెనక్కి వచ్చి సుమారు డెబ్బై మంది బానిసల్ని విడిపించి చీకట్లో నడిపించింది. గుడ్లగూబలా కూసి సైగ చేసేదని అక్కడి రేంజర్ చెప్పాడు. సాయంత్రం నేను అక్కడ నిలబడి ఉన్నప్పుడు నిజంగానే ఒక గుడ్లగూబ కూసింది, నా పక్కనున్న బ్లాక్ పెద్దావిడ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. బ్లాక్ ఆడవాళ్లకి అడవి కొత్త అని ఎవరైనా అంటే నాకు ఆ చెయ్యి గుర్తొస్తుంది.

---

తెల్లవారుజాము | మంగళవారం రాత్రి 10:20

ఆలస్యానికి క్షమించండి. ఇవాళ లంచ్‌లో మిస్ డి తో మాట్లాడాను. ఫోర్సైత్ సంగతి నాకు తెలియదు, ఇప్పుడు తెలిసింది, తెలియకుండా పిలిచినందుకు క్షమించండి అన్నాను. ఆవిడ చాలాసేపు డబ్బాలో అన్నం కదుపుతూ కూర్చున్నారు. తర్వాత చెప్పారు, ఆవిడ ముత్తమ్మమ్మ వాళ్లది అక్కడే. 1912లో రాత్రికి రాత్రి చట్టహూచీ నది దాటి గేన్స్‌విల్ వైపు వెళ్లారట, పొయ్యి మీద కుండ అలాగే వదిలేసి. ఆ కుండలో ఏముందో కూడా ఇంట్లో తరాలుగా చెప్పుకుంటారట, బీన్స్, హామ్ ఎముక వేసి. ఎవరి పొలం ఎక్కడుందో ఎవరికీ కాగితం లేదు.

మరి స్టోన్ మౌంటెన్ ఎలా ఎక్కుతున్నారు అని అడిగాను. మీలో తెలియని వాళ్లకి, నల్లవాళ్లని హింసించిన తెల్లవాళ్ల ముఠా కూ క్లక్స్ క్లాన్‌ని 1915లో మళ్లీ పుట్టించింది ఆ కొండ పైనే. బానిసత్వం కోసం యుద్ధం చేసిన దక్షిణాది నాయకులు ముగ్గురి బొమ్మలు గుర్రాల మీద కొండకి ఒకవైపు చెక్కి ఉన్నాయి, 1972లో పూర్తిచేశారు. మేం ఎక్కేది వేరే వైపు నుంచి. ఆవిడ అన్నారు, "మా అమ్మ బతికున్నంతకాలం ఆ కొండ వైపు చూడనివ్వలేదు. ఆవిడ పోయిన ఏడాది మొదటిసారి ఎక్కాను. పైన కూర్చుని అమ్మతో మాట్లాడాను, ఇదిగో నేను ఇక్కడున్నాను, గాలి బాగుంది అని చెప్పాను. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్లన్నీ మావే, పొద్దున్నే ఎక్కేది మేమే. ఆ కొండ నాకు సరిపోయింది. ఫోర్సైత్ ఇంకా సరిపోలేదు. ఎప్పుడైనా సరిపోతుందేమో తెలియదు."

ఇరవై రెండు మంది సంగతి కూడా అడిగాను. మెత్తగా చెప్పారు గానీ సూటిగా చెప్పారు. "నిన్ను పిలిచింది నువ్వు ఏడుస్తున్నావు కాబట్టి. మావాళ్లు ఆ గుండ్రంలో నిలబడి ఇంకెక్కడా చెప్పని మాటలు చెప్తారు. ఇరవై మంది కొత్తవాళ్లుంటే ఆ మాటలు బయటికి రావు. మీవాళ్లకి నువ్వు ఒక గుండ్రం కట్టు, ఎలాగో నేను నేర్పిస్తాను."

కాబట్టి వాళ్ల శనివారం వాళ్లదే. నేను మాత్రం వెళ్తాను, వెనకాల నడుస్తాను, అడిగితేనే మాట్లాడతాను, ఫొటోలు ఇక పెట్టను. పెట్టినవి తీసేశాను, అడగకుండా పెట్టడమే పొరపాటు. మనవాళ్లకి ఆదివారం వేరే నడక పెడుతున్నాను.

---

చింతచిగురు | మంగళవారం రాత్రి 10:55

అక్కా, ఆ కుండ మాట దగ్గర ఆగిపోయాను, ముందుకి చదవడానికి కాసేపు పట్టింది. మీ ఆదివారం నడకలో మొదటి రోజు 1912 సంగతి చదివి మొదలుపెట్టండి, నా మాట వినండి. ఆ మట్టి మీద నడుస్తున్నాం కాబట్టి.

---

నర్సమ్మ_హ్యూస్టన్ | బుధవారం ఉదయం 6:40

షుగర్ ఉన్నవాళ్లు పరగడుపున కొండెక్కొద్దు, ఒక అరటిపండో నాలుగు ఖర్జూరాలో తినండి. పాదాలు రోజూ చూసుకోండి. మూడు నెలలైంది కదా చెల్లీ, మూడు నెలల షుగర్ సగటు చూపే ఏ1సీ పరీక్ష మళ్లీ చేయించావా?

---

తెల్లవారుజాము | బుధవారం రాత్రి 9:15

చేయించాను అక్కా, 6.7 నుంచి 6.1 కి వచ్చింది. ముందు మిస్ డి కే చూపించాను.

కమ్మింగ్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకి: ఆదివారం ఏడింటికి సానీ మౌంటెన్ కింద పార్కింగ్‌లో కలుద్దాం. కమ్మింగ్_నాన్న గారూ, డౌన్‌టౌన్‌లో రాబ్ ఎడ్వర్డ్స్ పేరుతో పెట్టిన ఫలకం దగ్గరికి ముందు వెళ్దామా, మీరు దారి చూపించండి, అక్కడ పది నిమిషాలు నిలబడి తర్వాత కొండకి వద్దాం. పట్టున్న బూట్లు వేసుకోండి, నీళ్లు రెండు సీసాలు తెచ్చుకోండి. మా వరసలో సుగుణమ్మ పిన్ని ఉంటారు, ఇండియా నుంచి వచ్చి నెలైంది, మోకాళ్ల నొప్పులు. ఆవిడే ముందు నడుస్తారు. ఎవరూ దాటొద్దు.